తొట్టిలో తగాదా: తప్పు ఎవరిది?

మా ఇంట్లో రెండడుగుల చేపల తొట్టి ఒకటి ఉంది. పాప అడిగితే కొన్నాం. రెండు ఏంజెల్ చేపలు, ఒక గౌరామి, మూడు టైగర్ బార్బ్‌లు. రంగులు చూసి ఏరుకున్నామే తప్ప, ఏది దేనితో కలిసి బతుకుతుందని మేం అడగలేదు.

వారం తిరక్కుండానే గొడవ మొదలైంది. ఒంటిమీద నల్లచారలుండే టైగర్ బార్బ్‌లు ఏంజెల్ వెంటపడి దాని పొడవాటి రెక్కల అంచులు కొరకసాగాయి. అది ఫిల్టర్ వెనక మూలకు చేరి అక్కడే నిలబడిపోయింది. మేత వేసినా బయటికి రాదు. పాప రోజూ చెప్పేది: "నాన్నా, దాన్ని కొరుకుతున్నాయి." నేను రోజూ ఒకటే మాట అనేవాణ్ణి: "కొత్త కదమ్మా, అవే సర్దుకుంటాయిలే."

తొమ్మిదో రోజు పొద్దున ఆ ఏంజెల్ చచ్చి తేలింది. పాప ఏడవలేదు. "నువ్వు చూస్తూనే ఉన్నావు కదా నాన్నా" అంది, అంతే.

మిత్రులారా, నేను పంచశీల చెప్పుకునేవాణ్ణి. ప్రాణిని చంపనని నోటితో పలికినవాణ్ణి. నా చేత్తో ఏ చేపనూ చంపలేదు. మరి నా మొదటి శీలం చెడలేదా? ఆ పిల్ల అడిగింది అదే. చేప గురించిన చిన్న ప్రశ్నే. కానీ దానికి సరైన జవాబు దొరికితే పెద్ద ప్రశ్నలకూ దారి దొరుకుతుంది.

ముందుగా "సర్దుకుంటాయిలే" అన్న మాట సంగతి చూద్దాం. ఎవరు సర్దుకోవాలి? కొరికే చేపకు సర్దుకోవలసిన అవసరమేముంది? తిండి దానిదే, తిరిగే చోటు దానిదే. ఆ మాట చివరికి ఎప్పుడూ కొరికించుకునే దానికే తగులుతుంది. ఈ మాట మనకు కొత్తదా? మన తాతలు, తండ్రులు దీన్ని వినీ వినీ అలిసిపోయారు. అలాంటి మాటను నా ఇంట్లో, నా నోటితో నేనే అన్నాను. పైగా దానికి లోపల్లోపల "ఉపేక్ష" అని పేరు పెట్టుకున్నాను. ఉపేక్ష అంటే రాగద్వేషాలకు ఊగని మనసు. పట్టించుకోకపోవడం ఉపేక్ష కాదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టే మోసపోతాం.

ఇక రెండో మాట. చేపలు తెలిసిన ఒకాయనను అడిగితే, "దాని జాతే అంత సార్" అన్నాడు. జాతి అనగానే నాకు చురుక్కుమంది. కానీ కోపం పక్కనపెట్టి ఆలోచించాలి. సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు ఈ సంగతే విడమరిచి చెప్పాడు. గడ్డికీ చెట్లకూ, పురుగులకూ పక్షులకూ, నీళ్లలో తిరిగే చేపలకూ పుట్టుకతోనే వేరువేరు గుర్తులున్నాయి. మనుషుల్లో మాత్రం అలాంటి గుర్తులేవీ లేవు, మనిషి తన కర్మను బట్టే అవుతాడు అన్నది అందులోని సారం. అంటే చేపల విషయంలో ఆయన చెప్పినదాంట్లో నిజముంది. దాన్ని మనుషులకు అంటగట్టడమే అబద్ధం. చేపకు శీలం తీసుకునే శక్తి లేదు. మనిషికి ఉంది. అందుకని "నా స్వభావం ఇంతే" అని చేప తప్పించుకోవచ్చు గానీ, పక్కవాణ్ణి తొక్కే మనిషి తప్పించుకోలేడు.

అయితే చేప విషయంలో కూడా "దాని జాతే అంత" అన్నది సగం జవాబే. తరవాత తెలుసుకున్నాను. టైగర్ బార్బ్ గుంపులో బతికే చేప. ఆరేడుకు తగ్గకుండా ఉంటే వాటి తరుములాట చాలావరకు వాటిలో వాటికే సరిపోతుంది. రెండో మూడో ఉంటే ఆ దూకుడు పక్క చేపల మీదికి మళ్లుతుంది. ఏంజెల్, గౌరామి లాంటి నెమ్మదైన, పొడవు రెక్కల చేపలు వాటికి సులువుగా దొరుకుతాయి. మూడింటిని కొన్నది ఎవరు? ఏంజెల్‌తో కలిపి పెట్టింది ఎవరు? నదిలో అయితే తరిమిన చేపకు పారిపోయే దారి ఉంటుంది. నాలుగు అద్దాల మధ్య ఆ దారిని మూసింది ఎవరు? నేనే.

ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకుంటే అది ఉండదు. ప్రతీత్యసముత్పాదం అంటే ఇదే కదా. దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో ఒక రాజు కథ ఉంది. రాజ్యంలో దోపిడీలు పెరిగాయి. చంపితే, చెరలో వేస్తే, వెళ్లగొడితే ఇది పోదని పురోహితుడు చెబుతాడు. రైతుకు విత్తనం, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వమంటాడు. దొంగను తిట్టడం కన్నా దొంగతనానికి కారణాన్ని తీసెయ్యడం మేలన్న మాట అది.

తొట్టిలో కూడా అంతే. ముందు కారణం చూడాలి. గుంపు చాలక కొరుకుతోందా? చోటు కోసం కొట్లాడుతోందా? గుడ్లు పెట్టి కాపలా కాస్తోందా? నోట్లో పట్టే చేపను మింగాలని చూస్తోందా? ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. గుంపు చేపకు తోడు పెంచాలి. చోటు కోసం పోట్లాడేదాన్ని కొన్నాళ్లు వేరే ఉంచి, ఈలోగా రాళ్లూ మొక్కలూ మార్చి సర్దితే, తిరిగొచ్చేసరికి "ఇది నాది" అనుకున్న మూల ఉండదు. ఒకదానికొకటి కనబడకుండా మొక్కలు అడ్డం పెడితే తరిమే పని తగ్గుతుంది. కానీ ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద నోటి చేపలను చిన్న చేపలతో కలిపి, శాంతి కోసం ఎదురుచూడటం తెలివితక్కువతనం. అక్కడ కలపకపోవడమే కరుణ.

ఇక్కడ కొందరికి సందేహం వస్తుంది. బలమైనదాన్ని పట్టి వేరు చేస్తే దానికి బాధ కదా, అది హింస కాదా అని. నా మటుకు నేను ఇలా అనుకుంటున్నాను. పగతో చేస్తే శిక్ష, కాపాడటానికి చేస్తే రక్షణ. కొరికే చేప మీద నాకు కోపం ఉండకూడదు, నిజమే. కానీ కోపం లేదన్న వంకతో కొరకనివ్వకూడదు కూడా. ముందు గాయపడినదాన్ని కాపాడి, ఆ తర్వాతే కారణాల చర్చ పెట్టుకోవాలి. నేను ఆ వరస తప్పాను.

ఇంకో తప్పుదారి కూడా ఉంది. బెడద వదిలిపోతుందని, పైగా పుణ్యమని, చేపను తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు కొందరు. తొట్టి అద్దాల పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప సంగతి చూడండి. అడుగు దాటి పెరుగుతుంది. తొట్టి చాలదు. అలా బయటపడిన జాతే ఇవాళ మన ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో, కాలవల్లో డెవిల్ ఫిష్ అన్న పేరుతో వలల్లో పడుతోంది. దాని ముళ్లకు వలలు చిరుగుతాయి. అమ్ముదామంటే ధర పలకదు. ఒకరి ఇంట్లో పుట్టిన దయకు ఖరీదు కట్టేది ఎవరు? వల తప్ప ఆధారం లేని కుటుంబం. తన బరువును కంటికి కనబడని బీదవాడి నెత్తిన పెట్టి వచ్చేది దయ కాదు. వద్దనుకున్న చేపను అమ్మిన చోటే తిరిగి ఇవ్వాలి. లేదా తగిన తొట్టి ఉన్నవాళ్లకు అప్పజెప్పాలి.

చివరికి మేం చేసింది ఇది. మిగిలిన ఏంజెల్‌ను ఆ రోజే ఎయిర్ పంపు పెట్టిన టబ్బులోకి మార్చాం. రోజూ కొంత నీళ్లు మార్చాం. కొన్ని వారాలకు చిరిగిన రెక్క అంచులు తిరిగి వచ్చాయి. దాన్నీ గౌరామినీ పెద్ద తొట్టి ఉన్న మా బంధువులకు ఇచ్చాం. బార్బ్‌లకు ఇంకో నాలుగింటిని తెచ్చి తొట్టిని వాటికే వదిలేశాం. ఇప్పుడు ఏడూ కలిసి తిరుగుతాయి. వాటిలో అవి తరుముకుంటాయి, కానీ ఏదీ మూలకు చేరి నిలబడటం లేదు. చూస్తే అప్పటి "దుర్మార్గులు" ఇవేనా అనిపిస్తుంది.

చచ్చిపోయిన చేప మాత్రం తిరిగి రాదు. పాపకు ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెప్పాను: "తప్పు నాదేనమ్మా. చంపకపోవడం ఒక్కటే చాలదు. ఆపగలిగినవాడు ఆపాలి." అది తలూపి, మేత డబ్బా తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లింది. ఏడింటికీ అందిందా లేదా అని వంగి చూస్తోంది.