ఆకాశఋణము

గృహస్థాశ్రమమునకు ఆధారము యజ్ఞము. భగవద్గీత మూడవ అధ్యాయమున శ్రీకృష్ణుడు అన్నము వర్షమువలనను, వర్షము యజ్ఞమువలనను కలుగునని తెలిపి, దేవతలొసగినదానిని తిరిగి అర్పింపక అనుభవించువాడు దొంగయేయని నిర్ణయించెను. సూర్యుడు వెలుగునిచ్చుచున్నాడు, మేఘము నీటినిచ్చుచున్నది. ఈ ఋణమునెరిగి కట్టిన ఇల్లే ధర్మగృహము.

1869లో మహాత్మాగాంధి జన్మించిన పోరుబందరు గృహమున ముంగిలి క్రింద వాననీటి తొట్టి కలదు. పూర్వులు ఆకాశమునొసగిన నీటిని అంత భక్తితో దాచుకొనిరి. నూరు చదరపు మీటర్ల డాబాపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసినచో 100 లీటర్లు పడును. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురియు ఊరిలో అది 80,000 లీటర్లు. కొంత వృథాయైనను, వంటకును త్రాగుటకును దినమునకు 100 లీటర్లు వాడు కుటుంబమునకు ఏడాదికి కావలసినది 36,500 లీటర్లే. అయినను ఎందరో ఈ ప్రసాదమును మురుగుకాలువ పాలుచేసి, వేసవిలో ట్యాంకరు కొరకు ఎదురుచూచుచున్నారు.

వెలుగు విషయమును ఇట్టిదే. కోటి ఇండ్లపై సౌరఫలకములు నెలకొల్పుటకు తోడ్పడు పథకమును కేంద్రప్రభుత్వము 2024లో ఆరంభించినది. ఫలకము పగలే పనిచేయును. రాత్రికి బ్యాటరీ కావలెను. బ్యాటరీకి హద్దు కలదు. కావున ఫలకములకంటె ముందు కోరికలను లెక్కింపవలెను. చెట్టునీడయు, ఎదురెదురు కిటికీలును ఉన్న ఇంటికి చల్లదనమునకై వలయు విద్యుత్తు తగ్గును. కోరిక పెరిగినకొలది ఏ డాబాయు చాలదు. అపరిగ్రహమే ఇట్టి ఇంటికి పునాది.

ఇచ్చట సాధకుడు మిక్కిలి మెలకువతో ఉండవలెను. “నా ఇల్లు నాకు చాలును, ఇతరులతో నాకేమి పని” అను గర్వము స్వావలంబనము వెంటనే తలయెత్తును. తన తొట్టిని నింపుకొని, లోతైన బోరు వేసి, పొరుగువాని బావిని ఎండగట్టినవాని స్వావలంబనము దొంగతనమే. నేల క్రింది నీటికి ప్రహరీగోడ లేదు. తొట్టి నిండి పొరలిన నీటిని ఇంకుడుగుంతకు మళ్ళించినచో అది పొరుగువాని బావికిని మేలుచేయును. వంటింటి నీరు అరటిపాదుకును, కూరల తొక్కులు ఎరువునకును పోవలెను. నేటి గృహస్థునకు ఇదియు భూతయజ్ఞమే.

వానకాలమునకు ముందు డాబాను ఊడ్చి, తొలివాన నీటిని పోనిచ్చి, పిదప కురిసిన నీటినే తొట్టికి పట్టుదురు. లేనిచో ధూళిచేరి నీరు చెడును. మనస్సును అట్లే. అహంకారమను ధూళిని ఊడ్వనివానిపై భగవత్కృప ఎంత కురిసినను నిర్మలముగ నిలువదు. తీసికొన్నదానిని లెక్కించుకొనుచు, మిగిలినదానిని లోకమునకర్పించుచు జీవించువాని ఇల్లు చిన్నదైనను ఆశ్రమమే.