తప్పులుంటాయని రాయకుండా ఉందామా?

కొండ దిగి తునిలో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల్లో చాలామంది ముందుగా అలవాటు చేసుకునేది మౌనం. ఇంటి యాస నోటి నుంచి జారితే తరగతిలో నవ్వుతారని జంకు. ఆ జంకే కాగితం దాకా వస్తుంది. ‘నా తెలుగు బాగుపడ్డాక రాస్తాను’ అంటారు. తాత చెప్పిన కథ, అమ్మమ్మకు తెలిసిన ఆకుల పేర్లు, ఊరు పుట్టిన తీరు అన్నీ అప్పటిదాకా ఆగాలి. ముసలివాళ్లు మాత్రం ఆగరు.

ఏ పనైనా లోపం లేకుండా చేయాలనుకోవడం మంచి గుణమే కదా అని అడగవచ్చు. అది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. పిల్లవాడికి మందు కొలిచేటప్పుడు, పోడు భూమి హద్దులు రాసేటప్పుడు ‘ఏదోలే’ అనకూడదు. అక్కడ జరిగిన తప్పును తర్వాత దిద్దడం కష్టం. కథలో ఒక ఒత్తు పోతే రేపు పెట్టుకోవచ్చు. అసలు రాయకపోతే దిద్దడానికి ఏమీ మిగలదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు. సవర మాటల్లో గొంతులో టక్కున ఆగే శబ్దం ఒకటుంది, దానికి తెలుగులో అక్షరమే లేదు. అయినా సరైన లిపి వచ్చేదాకా ఆయన ఆగలేదు. ఉన్న తెలుగు అక్షరాలతోనే సవర పిల్లలకు వాచకాలు రాశారు. సవర భాష మీద ఆయన పెద్ద పుస్తకం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. మంగేయి గొమాంగో సవరలకు సొంత లిపి తయారుచేసింది 1936లో. అప్పటిదాకా కూర్చుంటే ఆ మధ్య పెరిగిన పిల్లలు ఏం చదివేవారు?

జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడింది కూడా ఈ పంతులుగారే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అదే బడిలో మన పిల్లల యాసను వెక్కిరిస్తే ఆ దండలకు అర్థం లేదు.

అయితే ‘గిరిజనులకు ఇది చాల్లే’ అని ఎవరో అనడం వేరు. కప్పు కారే బడి చాలదు. టీచరు రాని బడి అసలే చాలదు. మన రాతను మనం ‘ప్రస్తుతానికి ఇది చాలు’ అనుకుంటే అది ముందడుగు. మన హక్కు గురించి వేరేవాళ్లు ‘చాలు’ అంటే ఒప్పుకోకూడదు.

టీచర్లకు ఒక మనవి. పిల్లలు రాసింది ముందు చివరిదాకా చదవండి, ఎర్రపెన్ను తర్వాత తీయండి. యువతకు ఒక మాట. ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక్క పేజీ రాయండి. చెప్పినవారి పేరు, తేదీ వేయండి. తెలియని మాటను విన్నది విన్నట్టే పెట్టండి. మిగతావి రెండో ప్రతిలో దిద్దుకుందాం.