చిన్న ఊపిరి

కళ్లముందు మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే పక్కనున్నవాళ్ల ప్రాణం ఊరుకోదు. ఏదో ఒకటి చెయ్యాలి, అదీ గట్టిగా చెయ్యాలి. వైద్యులకూ ఈ ఆత్రం తప్పలేదు.

1967లో డెన్వర్ నగరంలో ఆష్‌బా, పెటీ, వాళ్ల సహచరులు 12 మంది రోగుల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. దెబ్బ తగిలో, జబ్బు సోకో ఊపిరితిత్తులు నీరుపట్టి, ఎంత ఆక్సిజన్ ఇచ్చినా నెత్తురుకు చాలని స్థితి అది. ఇప్పుడు ఏఆర్‌డీఎస్ అంటున్నాం. వెంటిలేటర్ పెట్టి పెద్ద పెద్ద ఊపిరులు పోయడం చాలా ఏళ్లు మామూలు వైద్యంగా నడిచింది. ఆ గాలే ఊపిరితిత్తులను గాయపరుస్తోందేమోనన్న అనుమానం మెల్లగా పుట్టింది.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో రాయ్ బ్రోవర్ ఊపిరితిత్తుల వైద్యుడు. ఆయన బృందం 52 మందిపై చేసిన పరీక్షలో తక్కువ గాలి వల్ల మేలేమీ కనబడలేదు. కనబడలేదనే 1999లో అచ్చువేశారు. అనుమానం మాత్రం తీరలేదు. ఆయనా పాలుపంచుకున్న పెద్ద పరీక్ష ఫలితం 2000లో వచ్చింది. 861 మంది రోగులు. ఒక జట్టుకు ఒక్కో ఊపిరికి కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి, రెండో జట్టుకు 6. ఆ కిలోలు కూడా మనిషి తూగే బరువు కాదు, ఎత్తును బట్టి కట్టిన లెక్క. ఒళ్లు చేసినంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు కదా. పెద్ద ఊపిరి జట్టులో మరణాలు 39.8 శాతం, చిన్న ఊపిరి జట్టులో 31.

నన్ను వదలనిది ఆ తేడా కాదు. మొదటి రోజుల్లో నెత్తుటిలో ఆక్సిజన్ మెరుగ్గా ఉన్నది పెద్ద ఊపిరి జట్టుకే! పొద్దున రిపోర్టు చూసిన డాక్టరుకు తృప్తి, బయట బెంచీ మీద కూర్చున్న ఇంటివాళ్లకు ఊరట. లోపల జరుగుతున్నది వేరు. ఇంట్లో మన మాటే నెగ్గిన రోజు సాయంత్రం కూడా అంతే, అందరూ సర్దుకున్నట్టే ఉంటారు. ఎవరి నోరు నొక్కితే ఆ నెమ్మది వచ్చిందో ఆ పూటకు బయటపడదు.

ఈ తక్కువ గాలి పాఠం కోవిడ్ రోజుల్లోనూ నిలిచింది. బోర్లా పడుకోబెట్టడమూ అలాంటిదే. అది మేలు చేస్తుందని ఫ్రాన్స్‌లో క్లాడ్ గెరాన్ బృందం 2013లో తేల్చింది. ఖరీదైన మందేం కాదు, మనుషుల చేతులు కావాలి. ఒకరు తల దగ్గర నిలబడి గొంతులోని గొట్టం కదలకుండా పట్టుకుంటారు. మిగతావాళ్లు రెండు పక్కలా దుప్పటి అంచులు బిగించి పట్టుకుని, తల దగ్గరివారి మాటకోసం ఆగి, అందరూ ఒక్కసారే తిప్పుతారు. తర్వాత కనీసం 16 గంటలు అలాగే ఉంచాలి.

2020లో కోవిడ్ మందుల విషయంలో ఆ ఓపిక కుదరలేదు. తోచిందల్లా ఇచ్చి చూశారు. అప్పుడు బ్రిటన్‌లో పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే నడిపిన రికవరీ పరీక్ష, ఎవరికి ఏ మందో చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా కేటాయించింది. ప్రాణాపాయంలో చీటీలేమిటని అడగాలనిపిస్తుంది. తెలిసినట్టు నటించకుండా తెలుసుకోవడానికి అంతకన్నా నిజాయితీగల దారి నాకు తోచదు. చవకైన స్టెరాయిడ్ డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవారిలో మూడోవంతు మరణాలను తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు లేదనీ అదే పరీక్ష చెప్పింది. మొదటి సగం అందరికీ చేరింది. రెండోది చేరక, మామూలు జ్వరానికే ఇళ్లలో స్టెరాయిడ్లు మింగినవాళ్లున్నారు.

కోవిడ్ నుంచి కోలుకున్నవారి నెత్తుటిలోంచి తీసి ఎక్కించే ప్లాస్మా సంగతి ఇంకా బాధ. మనదేశంలోని 39 ఆస్పత్రుల్లో 464 మందిపై ఐసీఎంఆర్ చేసిన పరీక్ష 2020 అక్టోబరులోనే అచ్చయింది. ఉపయోగం లేదు. అయినా 2021 ఏప్రిల్, మే నెలల్లో మన ఫోన్లనిండా ప్లాస్మా దాతల కోసం వేడుకోళ్లే. మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది మే నెలలో. ఈలోపు "ప్లాస్మా కోసం తిరక్కండి, దానివల్ల లాభం లేదు" అని ఇంటివాళ్లకు చెప్పిన డాక్టర్లు కొందరున్నారు. మనసులేనివాళ్లనే అనిపించుకుని ఉంటారు.