చదవని వాక్యం

సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. పిన్నికి ఇంగ్లీషు రాదు. బాబాయి బిల్లు కౌంటర్ దగ్గర లైన్లో ఉన్నాడు. చదివి చెప్పే పని నాకొచ్చింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు బయటినుంచి, ఆ తర్వాత కొన్నిసార్లు లోపలినుంచి. విరేచనాలు, మూత్రంలో మంట, నీరసం, నెలసరి ఆగిపోవడం, అన్నీ చెప్పాను. చివర్లో, యోని మార్గం బిగుసుకుపోవచ్చనీ, దాంపత్యం కష్టం కావచ్చనీ ఒక వాక్యం. అది దాటేశాను.

"ఇంకేమన్నా రాసుందా?"

"అంతే పిన్నీ."

సంతకం పెట్టింది.

నలభై ఆరేళ్ళ మనిషి, ప్రాణం మీదికొచ్చిన వేళ ఆ సంగతులెందుకు అనుకున్నాను. దానికి దయ అని పేరు పెట్టుకున్నాను. నిజానికది నా సిగ్గు. అమ్మలాంటి మనిషి ముందు ఆ మాట నోట రాలేదు. (వాటికి మన దగ్గరున్న తెలుగు రెండు రకాలే. ఒకటి వైద్యగ్రంథాల్లోది, రెండోది తిట్లలోది.)

చదివినా సంతకం పెట్టేదే కదా, మరి దాచినందువల్ల పోయిందేమిటి? ఈ వాదన నన్ను చాలాకాలం కాపాడింది. సమ్మతి అంటే అవుననో కాదనో చెప్పడమే అయితే దీనికి తిరుగు లేదు. కానీ అవునన్నాక ఆ ఒంట్లో బతకాల్సింది ఆవిడే.

తెలిసిన ప్రతి సంగతినీ పిన్ని ఎంత శ్రద్ధగా పట్టించుకుందో నేను చూశాను. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పైకి జరిగి కిరణాల దారినుంచి కొంత తప్పుకుంటాయని చెప్తే, మర్నాటినుంచి గ్లాసులు లెక్కపెట్టి నీళ్ళు తాగింది. పొట్టమీద గీసిన గుర్తులు చెరగకుండా స్నానం చేసింది. లోపలి రేడియేషన్‌ అప్పుడు గొట్టాలు అమర్చి, అందర్నీ బయటికి పంపి మందపాటి తలుపు మూసేస్తారు. తీగ చివరనున్న చిన్న ఇరిడియం ముక్క లోపలికెళ్ళి కొన్ని నిమిషాలుండి వెనక్కొస్తుంది. అంతసేపూ కదలకుండా పడుకుంది.

ఇంత చేసిన మనిషి, వైద్యం అయిన కొన్ని వారాలకి డైలేటర్ వాడటం మొదలుపెడితే లోపలి గోడలు అతుక్కోకుండా ఉండొచ్చని తెలిస్తే చేసేది కాదా? డిశ్చార్జి కాగితంలో అదీ ఉంది. దాన్ని కూడా నేనే చదివాను.

ఎనిమిది నెలల తర్వాత, పెరట్లో బట్టలు ఆరేస్తూ, నావైపు చూడకుండా అంది: "నాలోనే ఏదో లోపమొచ్చిందే. రోగం మళ్ళీ తిరగబెట్టిందేమోనని భయం. మీ బాబాయికి చెప్పలేక వేరే గదిలో పడుకుంటున్నా."

రోగం కాదు పిన్నీ, ఆ కరెంటు వల్లే అన్నాను.

"ముందే తెలుసా మీకు?"

నీకు అనలేదు. డాక్టర్లతో కలిపి నన్నూ అవతలి వైపు నిలబెట్టింది. తెలుసన్నాను. తడి చీర కొసలు చాలాసేపు సరిచేస్తూ ఉండిపోయింది.

తర్వాతి రివ్యూకి బాబాయిని లోపలికి తీసుకెళ్ళింది. నన్ను బయట కూచోమంది. ఫైలు తనే పట్టుకుంది.