పదవికి గడువు

సమర్థుడైన పాలకుని గడువు తీరెనని దింపివేయుట న్యాయమా?

అమెరికాలోని న్యూయార్కు నగర ప్రజలు 1993లో ఓటు వేసి, మేయరును నగర సభ్యులును వరుసగా రెండు పర్యాయములే పదవిలో ఉండవలెనని నిర్ణయించిరి. 2008లో ఆర్థిక సంకటము రాగా, ఇట్టి వేళ అనుభవశాలి కావలెనని మేయరు మైఖేల్ బ్లూమ్‌బర్గు చెప్పెను. నగర సభ ఆ గడువును మూడు పర్యాయములకు పెంచెను. ఆయన సంతకము చేసెను. ప్రజలను మరల ఓటు అడుగలేదు. 2009లో ఆయన మూడవసారి గెలిచెను. 2010లో ప్రజలు తిరిగి రెండే చాలుననిరి.

ఆయన అసమర్థుడని మనము అనము; గెలిపించినదియు ప్రజలే. సమర్థుని పోగొట్టుకొనుట నష్టమే. అయినను ఊరివారందరు కలిసి నిలిపిన గట్టును, నా పంట బాగున్నదని ఒకడు జరుపవచ్చునా? హద్దు ఎవరిని కట్టుచున్నదో వారే దానిని సడలించినయెడల అది హద్దు కాదు. మార్చవలసియున్న, నిలిపినవారినే అడుగవలెను.

మోషే అంతటివాడును యెహోషువ మీద చేతులుంచి పని అప్పగించెను. మన సంఘములో పెద్దరికమును, పద్దు పుస్తకమును, తాళపుచెవియు మనకు అప్పగింపబడినవే గాని మనవి కావు. మన తరువాత వచ్చువారికి పని నేర్పుచున్నామా?