బరువు ఎక్కడ దిగుతోంది?

ఈ వారం వీడియోలో ఒక పాత చర్చి గురించి చెప్పాను. టైమ్ చాలక కొన్ని సంగతులు వదిలేశాను. అవి ఇక్కడ రాస్తున్నాను, ఒక్క ఐదు నిమిషాలు ఓపిగ్గా చదవండి.

ఆ చర్చి పారిస్‌కి ఉత్తరాన ఉంది. పేరు సెయింట్ డెనీ. మూడో శతాబ్దంలో క్రీస్తు కోసం ప్రాణం పెట్టిన బిషప్ డెనీ పేరు మీద అక్కడ మఠం వెలిసింది. ఫ్రాన్స్ రాజుల్లో చాలామంది సమాధులు ఉన్నది అక్కడే. 1122లో సుజేర్ అనే ఆయన ఆ మఠానికి అధిపతి అయ్యారు. పెద్ద వంశంలో పుట్టినవాడు కాదు. హన్నా సమూయేలును మందిరానికి అప్పగించినట్టు, చిన్నప్పుడే ఆయన్ని ఇంట్లోవాళ్లు ఆ మఠానికి అప్పగించారు.

అప్పటికి చర్చి పాతబడిపోయింది. ఇరుకు కూడా. పండగ రోజుల్లో జనం ఎంత తోసుకునేవాళ్లంటే, ఆడవాళ్లు మగవాళ్ల తలల మీదుగా బలిపీఠం దగ్గరికి వెళ్లాల్సి వచ్చేదని సుజేర్ స్వయంగా రాసుకున్నారు. దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చినవాళ్లు దేవుని మందిరంలోనే నలిగిపోతున్నారు! అందుకే ఆయన పని మొదలుపెట్టారు. ముందు పడమటి ముఖద్వారం కట్టించి, 1140లో తూర్పు భాగానికి పునాది వేశారు. 1144 జూన్ 11న, రాజు ఏడవ లూయీ సమక్షంలో ఆ భాగాన్ని దేవునికి ప్రతిష్ఠించారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అంతకుముందు రాతి కప్పు వేయాలంటే గోడలు బాగా మందంగా కట్టేవాళ్లు. కప్పు బరువంతా గోడ మీదే కదా. బరువు మోసే గోడకి పెద్ద కిటికీ పెడితే బలం పోతుంది. అందుకే కిటికీలు చిన్నవి, లోపల చీకటి. గోడ బలంగానే ఉంటుంది, కానీ వెలుగు రాదు.

సెయింట్ డెనీ మేస్త్రీలు ఏం చేశారంటే, కప్పు కింద రాతి పక్కటెముకల్లాంటి కమానులు కట్టారు. పైభాగం మొనదేలిన కమానులు. కప్పు బరువు ఆ ఎముకల వెంట జారి స్తంభాల మీదకీ, బయట కట్టిన ఆనుడు గోడల మీదకీ దిగుతుంది. మధ్యలో గోడకి ఇక ఆ భారం లేదు. అక్కడ పెద్ద పెద్ద రంగు గాజు కిటికీలు పెట్టారు. బలిపీఠం చుట్టూ ఉన్న నడవ మొత్తం వెలుగుతో నిండిపోయింది. ఆ పని చేసిన మేస్త్రీల పేర్లు మాత్రం మనకి తెలియవు. తర్వాత యూరప్ అంతా అదే పద్ధతి పాకింది. దాన్నే ఇవాళ గోథిక్ అంటున్నాం.

గమనించండి, బరువు తగ్గలేదు. రాయి రాయే. అది దిగే చోటు మారింది, అంతే.

ఇది చదువుతున్నప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. కొంతకాలం క్రితం నా ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఉదయం లాప్‌టాప్ ముందు కూర్చుని పని చేస్తున్నట్టు నటించాను. ఆదివారం చర్చిలో ఎవరైనా "బాగున్నావా బ్రదర్?" అంటే "దేవుని కృప" అనేవాణ్ణి. ఆ మాట కూడా నాకు ఒక గోడే అయిపోయింది. రెండు నెలలు ప్రార్థన చేశాను కానీ లోపల ఒక్క కిరణం లేదు. చివరికి ఒక రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన జీతం గురించి అడగలేదు. "రెండు నెలలు ఒక్కడివే మోశావా నాన్నా?" అన్నారు. ఆ రాత్రి ఉద్యోగం రాలేదు. నిద్ర మాత్రం వచ్చింది.

కీర్తన 55:22 మన భారాన్ని యెహోవా మీద మోపమంటుంది. గలతీ 6:2 ఒకరి భారం ఒకరు మోయమంటుంది. ఈ రెండూ వేర్వేరు ఆజ్ఞలు అనుకునేవాణ్ణి. కాదు. దేవుడు మన బరువు దింపుకునే స్తంభాల్లో కొన్ని మన ఇంట్లోనే, మన సంఘంలోనే ఉంటాయి. మనల్ని సజీవమైన రాళ్లుగా కడుతున్నాడని 1 పేతురు 2:5 చెప్పేది ఇదే. కమానులో ఏ రాయీ ఒంటరిగా నిలబడదు, పక్క రాయికి ఆనుకుంటేనే నిలబడుతుంది.

సుజేర్ ఇంకో సంగతి రాశారు. కట్టడం సగంలో ఉండగా పెద్ద గాలివాన వచ్చింది. పై కప్పు ఇంకా వేయలేదు, కమానులకి కింద ఊతం కూడా లేదు. అవి ఊగిపోతుంటే ఇక కూలిపోతాయనే అనుకున్నారు. లోపల ఆరాధన జరుగుతోంది. కమానులు కూలలేదు. దేవుడే నిలబెట్టాడని ఆయన సాక్ష్యం. సగం కట్టిన జీవితాన్ని కూడా ప్రభువు పట్టుకోగలడు, ఆమెన్!

అయితే నిజం పూర్తిగా చెప్పాలి. సుజేర్ కట్టించిన పైభాగం వందేళ్లు కూడా ఉండలేదు, 1231 నుంచి దాన్ని మళ్లీ కట్టారు. ఆయన తన పేరుని గోడల మీద ఒకటికి నాలుగుసార్లు చెక్కించుకున్నారు, కిటికీ గాజులో బొమ్మ కూడా వేయించుకున్నారు. 1793లో విప్లవకారులు రాజుల ఎముకల్ని తవ్వి గోతుల్లో పడేశారు. గాలివానకి దెబ్బతిన్న ఉత్తర గోపురాన్ని 1846లో రాయి రాయిగా దింపేశారు. రాతి మందిరం శాశ్వతం కాదు, దాని మీద చెక్కిన పేరూ శాశ్వతం కాదు. కానీ నలిగిపోతున్న జనానికి చోటివ్వడానికి కట్టిన ఆ నడవ ఇప్పటికీ ఉంది. పొద్దున్న సూర్యుడు వస్తే ఇప్పటికీ రంగుల వెలుగు నేల మీద పడుతుంది.

ప్రియులారా, ఈ వారం ఒక్క పని చేయండి. మీరు ఒంటరిగా మోస్తున్న ఒక్క బరువు ఏదో ప్రభువుకి పేరు పెట్టి చెప్పండి. తర్వాత నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పండి. అలాగే మీ పక్కన "దేవుని కృప" అని నవ్వేవాళ్లని ఇంకోసారి అడగండి, ఆగి అడగండి.

ప్రార్థిద్దాం. ప్రభువా, మేము కట్టుకున్న మందపు గోడల్ని నీకు అప్పగిస్తున్నాం. మా బరువు నీ మీద దిగనివ్వు. మా లోపలికి నీ వెలుగు రానివ్వు. ఇతరుల బరువు దిగే చోటుగా మమ్మల్ని వాడుకో. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.