రాబందు చేసిన చాకిరీ

రాబందు పేరును మనం తిట్టుగానే వాడతాం, అది చేసిపెట్టిన చాకిరీని మాత్రం లెక్కలో వేసుకోం. చచ్చిన గొడ్డును ఊరవతల పడేస్తే గుంపుగా దిగి, చూస్తుండగానే ఎముకలు మాత్రం మిగిల్చేవి. 1990ల నుంచి పదిహేనేళ్లలో మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా మాయమయ్యాయి. కారణం పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. ఆ మందు వేసిన పశువు మాంసం తిన్న పక్షి మూత్రపిండాలు పాడయ్యేవి. కోసి చూస్తే కాలేయం మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుని ఉండేది.

జాతులు అంతరించడం సృష్టిలో మామూలే కదా అంటారు కొందరు. మామూలే, కానీ ఇంత వేగంగా కాదు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఈ దెబ్బను ఎలా తట్టుకుంటుంది? మందు వేసిన పశువులు ఎన్నని, అని ఇంకో ప్రశ్న. ఒక్క కళేబరం మీద పదులకొద్దీ వాలతాయి కాబట్టి, నూటికి ఒక్కదానిలో మందు ఉన్నా చాలు. పోనీ, కుక్కలు తినవా అంటే, తింటాయి, అరకొరగా. తిని పెరుగుతాయి, కరుస్తాయి, రేబిస్ వెంట వస్తుంది. రైతు తన పశువు బాధ చూస్తూ ఊరుకోవాలా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. దానికి మెలాక్సికామ్ అనే మందు ఉంది, రాబందుకు హాని చేయదు. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు కొట్టాలకు చేరుతూనే వచ్చాయి. అందుకే 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది.